గీత కింది అంకె: విశాఖ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఫలితాలను ఎలా చదవాలి

పదో తరగతి ఫలితాలు వెలువడిన మరునాడు జిల్లా పేజీల్లో ఏటా ఒకే తరహా వార్త కనిపిస్తుంది. ఫలానా మండలంలో ఇన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు వంద శాతం ఉత్తీర్ణత సాధించాయి, ఫలానా బడి అట్టడుగున మిగిలింది. వంద తెచ్చుకున్న బడి ప్రధానోపాధ్యాయుడికి శాలువా కప్పి హారం వేస్తారు. అడుగున మిగిలిన బడిని సంజాయిషీ అడుగుతారు. సన్మానానికీ సంజాయిషీకీ ఆధారం ఒకే ఒక్క భిన్నం. పైన లవంలో పాసైనవారు, కింద హారంలో పరీక్ష రాసినవారు. మెడలో వేసిన హారం ఫొటోలో పడుతుంది. గీత కింద ఉన్న హారం గురించి ఎవరూ అడగరు. బడిని బడితో పోల్చడంలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం మాత్రం అక్కడే ఉన్నాయి.

హారం దాకా వెళ్లే ముందు పరీక్ష సంగతి చూడాలి. రాష్ట్ర ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. 2020, 2021లలో కోవిడ్ వల్ల పరీక్షలు జరగలేదు, అందరినీ పాస్ చేశారు. 2022లో అది ఒక్కసారిగా 67.26కి పడింది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఇన్ని మలుపులు ఉపాధ్యాయుల పనితనంలోనే వచ్చాయని ఎవరూ అనుకోరు. 2019 వరకు రాతపరీక్ష 80 మార్కులకే ఉండేది, మిగిలిన 20 అంతర్గత మార్కులను బడిలోనే వేసేవారు. ఆ తర్వాత అంతర్గత మార్కులూ పోయాయి, బిట్ పేపరూ పోయింది. 11 పేపర్లు 7 అయ్యాయి. రెండేళ్లు బడికి దూరమైన పిల్లలు ఆ కొత్త పరీక్షను ఎదుర్కొన్నారు. 2025 నాటికి పాఠ్యపుస్తకాలు కూడా మారి జాతీయ స్థాయి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది.

అందుకే ‘గత ఏడాది కంటే మా బడి పది శాతం పెరిగింది’ అన్న మాటను విడిగా వింటే ఏమీ తెలియదు. 2023 నుంచి 2024కి రాష్ట్రమే 14.43 పాయింట్లు పెరిగింది. 75 నుంచి 85కి ఎక్కిన బడి నిజానికి నాలుగు పాయింట్లకు పైగా వెనకబడింది. మరుసటి ఏడాది రాష్ట్రం 5.55 పాయింట్లు దిగింది. ఆ ఏడాది మూడు పాయింట్లు తగ్గిన బడి మందలింపు పడి ఉండవచ్చు గానీ, తోటి బడులతో పోలిస్తే అది మెరుగైనట్టే. బడి శాతం పక్కన అదే ఏడాది రాష్ట్ర శాతాన్నో జిల్లా శాతాన్నో వేసి చూడటం ఒక నిమిషం పని. ఆ నిమిషం కేటాయించని సమీక్షా సమావేశాలే ఎక్కువ.

జిల్లా శాతంతో పోల్చేటప్పుడు విశాఖ విషయంలో ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4కు ముందు ఈ జిల్లాలో 46 మండలాలు. పాడేరు, అరకు, చింతపల్లి వంటి మన్యం మండలాలు, అనకాపల్లి, నర్సీపట్నం వైపు పల్లెలు అందులోనివే. విభజన తర్వాత విశాఖపట్నం జిల్లాకు మిగిలినవి 11. నగరం, దాని అంచున ఉన్న భీమునిపట్నం, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి వంటి మండలాలతో ఇప్పుడిది దాదాపు పట్టణ జిల్లా. 2019 నాటి విశాఖకూ 2025 నాటి విశాఖకూ పేరొక్కటే కలిసింది. ఈ రెంటి మధ్య ‘పెరిగింది’, ‘తగ్గింది’ అనడానికి అర్థం లేదు. వెనకబాటును మన్యం మీదకు నెట్టేసి ఊరుకోవడమూ కుదరదు. 2023, 2024, 2025 మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాదే. 2025లో 47.64 శాతంతో చివరన నిలిచింది అల్లూరి సీతారామరాజు జిల్లా. రెండూ గిరిజన జిల్లాలే.

ఇక జిల్లా లోపలి బడులు. ప్రభుత్వ ఉన్నత పాఠశాల అనే ఒక్క మాట కింద విశాఖలో అరడజను రకాల బడులు ఉన్నాయి. నేరుగా రాష్ట్ర ప్రభుత్వానివి, జిల్లా పరిషత్తువి, నగరపాలక సంస్థ జీవీఎంసీవి, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, గురుకులాలు, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్. నగరం మధ్యలో కూడా జడ్పీ హైస్కూళ్లు ఉండటం కొత్తవారికి వింతగా తోస్తుంది. ఒకప్పుడు పంచాయతీలుగా ఉన్న ఊళ్లను 2005లో మహా విశాఖలో కలిపినా, బడులు పాత యాజమాన్యం కిందే ఉండిపోవడం దీనికి కారణం. మధురవాడలోని చంద్రంపాలెం, ఆరిలోవ దగ్గరి తోటగరువు జడ్పీ ఉన్నత పాఠశాలలు ఆ కోవలోవే.

ఈ రకాల మధ్య పోలిక పెట్టగానే గురుకులాలు ముందుంటాయి. 2024లో రాష్ట్రవ్యాప్తంగా ఏపీ గురుకులాల ఉత్తీర్ణత 98.43 శాతం. ఉపాధ్యాయులు రాత్రి స్టడీ అవర్లు దగ్గరుండి నడుపుతారు, పిల్లలు రోజంతా ప్రాంగణంలోనే ఉంటారు, పనికి పంపే ఇల్లు ఎదురుగా ఉండదు. ఇవన్నీ నిజమే. దీనికి ముందు జరిగేది ఇంకొకటి ఉంది. ఏపీ గురుకులాలకు, అంబేడ్కర్ గురుకులాలకు అయిదో తరగతిలోనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. పదేళ్ల పిల్ల ఆ పరీక్ష రాసి సీటు తెచ్చుకుందంటే, దరఖాస్తు పెట్టి, తేదీ గుర్తుంచుకుని, కేంద్రానికి తీసుకెళ్లిన పెద్దవారు ఇంట్లో ఉన్నారన్నమాట. అలా వడగట్టిన తరగతిని, గేటు దగ్గర నిలబడిన ప్రతి బిడ్డనూ చేర్చుకునే బడితో పోల్చి ‘వాళ్లకు చేతనైంది మీకెందుకు కాలేదు’ అని అడగడం న్యాయం కాదు. ఆ వడపోతలో ఎంపికైన పిల్లలు అంతకుముందు చదివింది పేటలోని మామూలు ప్రాథమిక పాఠశాలల్లోనే. వారు వెళ్లిపోయాక మిగిలిన తరగతే పక్కనున్న హైస్కూలుకు చేరుతుంది. గురుకులం అంకె పెరగడంలోనూ ఆ హైస్కూలు అంకె తగ్గడంలోనూ కొంత భాగం ఒకే కదలిక నుంచి వస్తోంది.

కస్తూర్బాలది దీనికి తలకిందులు. అవి పుట్టిందే చదువు మానేసిన, తల్లినో తండ్రినో పోగొట్టుకున్న, నిరుపేద ఇళ్ల ఆడపిల్లల కోసం. అక్కడ 85 శాతం వస్తే దాని బరువు వేరు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. 2025లో రాష్ట్రంలో బాలికల ఉత్తీర్ణత 84.09, బాలురది 78.31. 2024లో 89.17, 84.32. ఈ రెండేళ్లూ అయిదు పాయింట్లకు అటూ ఇటూగా తేడా ఉంది. పాతనగరంలోని క్వీన్ మేరీ ప్రభుత్వ బాలికోన్నత పాఠశాలను ఒక సహవిద్యా పాఠశాల పక్కన పెట్టి శాతాలు చూస్తే, ఎవరూ ఏమీ చేయకముందే మొదటిదానికి ఆ అయిదు పాయింట్లు ముందస్తుగా అందినట్టే. బాలికల ఫలితాన్ని బాలికల ఫలితంతో, బాలుర ఫలితాన్ని బాలుర ఫలితంతో విడివిడిగా చూస్తే ఈ తేడా సర్దుకుంటుంది.

అతి తక్కువ మంది పట్టించుకునేది, అందరికంటే ఎక్కువగా మోసం చేసేది బడి పరిమాణం. విశాఖ జిల్లాలో చంద్రంపాలెం లాంటి బడి ఉంది. విద్యార్థుల సంఖ్యలో రాష్ట్రంలోని పెద్ద ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒకటిగా దానికి పేరు. అదే జిల్లా అంచు పల్లెల్లో పదో తరగతిలో ఇరవై ముప్పై మందే ఉండే బడులూ ఉన్నాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. 18 మంది రాసిన బడిలో ఒకరు తప్పితే శాతం 94.4. ఇద్దరు తప్పితే 88.9. జ్వరం వచ్చి ఒక పిల్లవాడు లెక్కల పరీక్ష సరిగా రాయలేకపోతే ఆ బడి అయిదున్నర పాయింట్లు కిందకు జారుతుంది. 300 మంది రాసిన బడిలో అదే జ్వరం మూడో వంతు పాయింటుకు మించి కదపలేదు.

ఇంకొంచెం ముందుకు వెళితే సంగతి రంజుగా ఉంటుంది. ప్రతి బిడ్డకూ పాసయ్యే అవకాశం నూటికి 95 ఉన్న బడులు కొన్ని ఉన్నాయనుకుందాం. బోధనలో వాటి మధ్య ఏ తేడా లేదు. ఒక్కోదానిలో 20 మంది చొప్పున రాస్తే, కేవలం సంభావ్యత లెక్క ప్రకారం వాటిలో మూడింట ఒక వంతుకు పైగా వంద శాతం తెచ్చుకుంటాయి. 300 మంది రాసే బడికి, అదే బోధనతో, వంద శాతం వచ్చే అవకాశం లేనట్టే లెక్క. అవకాశం 85 ఉన్నచోట 20 మంది బడి శాతం ఏడాదికేడాది ఎనిమిది పాయింట్లు అటూ ఇటూ ఊగడం మామూలు. పెద్ద బడిలో ఆ ఊపు రెండు పాయింట్లు. అందుకే వంద శాతం జాబితాలో చిన్న బడులు కిక్కిరిసి ఉంటాయి. అట్టడుగు జాబితాలోనూ అవే ఎక్కువగా కనిపిస్తాయి. నిరుడు సన్మానం పొందిన బడికి ఈ ఏడు సంజాయిషీ నోటీసు వస్తే, మధ్యలో ఆ బడిలో ఏదో చెడిపోయిందని అనుకోనక్కరలేదు. చిన్న బడుల విషయంలో కనీసం మూడేళ్ల మొత్తాలను కలిపి చూడాలి. మూడు శాతాల సగటు తీయడం కాదు, మూడేళ్లలో రాసినవారందరినీ, పాసైనవారందరినీ కూడి భాగించాలి.

ఇప్పుడు హారం. పదో తరగతి పరీక్షకు బడి నుంచి పేర్లు పంపే పట్టికను నామినల్ రోల్ అంటారు. ఉత్తీర్ణత శాతానికి హారం ఆ పట్టికలో నుంచే పుడుతుంది. ఆ పట్టికలో పేరు లేని బిడ్డ బడి ఫలితంలో ఎక్కడా ఉండదు. తప్పినవారిలోనూ ఉండదు. మళ్లీ ఊహకే రెండు బడులు. రెండింటిలోనూ ఆరో తరగతిలో 60 మంది చేరారు. మొదటి బడిలో పదికి వచ్చేసరికి 40 మంది మిగిలారు, నలభై మందీ పాసయ్యారు. వంద శాతం, శాలువా. రెండో బడి అరవై మందినీ నిలుపుకొంది, మధ్యలో వచ్చిన ఆరుగురినీ చేర్చుకుంది. 66 మంది రాస్తే 54 మంది గట్టెక్కారు. 81.8 శాతం, సంజాయిషీ. పాసై బయటికి వచ్చిన పిల్లల్ని లెక్కపెడితే రెండో బడి పధ్నాలుగు మంది ముందుంది. చదువులో వెనకబడిన పిల్లవాడిని తొమ్మిదిలో వదిలించుకుంటే శాతం పెరిగే లెక్కను పెట్టుకుని, చదువు మానేసేవారు తగ్గాలని కోరుకోవడం చిత్రమైన పాలన.

అయితే ఆ కనపడని ఇరవై మందీ చదువు మానేశారని తీర్మానించడానికి లేదు. విశాఖ నిత్యం కదిలే నగరం. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా సరిహద్దుల నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చే కుటుంబాలు పని ఉన్న చోటికి మారుతూ ఉంటాయి. నగరంలోని మురికివాడల నుంచి మధురవాడ వైపు కేంద్ర పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఇళ్లకు తరలిన కుటుంబాల పిల్లలు అటువైపు బడుల్లో చేరారు. అలాంటప్పుడు పాత బడిలో తరుగు, కొత్త బడిలో పెరుగు కనిపిస్తాయి. రెండు అంకెలకూ ఆ బడుల పనితీరుతో సంబంధం ఉండదు. గురుకులంలో సీటు వచ్చి వెళ్లినవారు, ఎనిమిది తర్వాత ప్రైవేటుకు మారినవారు కూడా ఉంటారు. పెదజాలారిపేట వంటి మత్స్యకార పేటల్లో కథ మరోలా ఉంటుంది. పధ్నాలుగేళ్ల కుర్రవాడికి పడవలో పని దొరుకుతుంది, దానికి రోజుకింత అని చేతికొస్తుంది. వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పబ్లిక్ పరీక్షలు మామూలుగా ముగిసేది దానికి ముందే. అంటే కడలి మీద పని ఉండే నెలలూ పరీక్షకు గట్టిగా చదవాల్సిన నెలలూ ఒకటే. పేట పక్కనున్న బడికి ఈ పోటీ ఉంటుంది. ఉద్యోగుల క్వార్టర్ల పక్కనున్న బడికి ఉండదు.

గీత పైనున్న అంకెలోనూ లోతు తక్కువే. పాస్ అంటే సబ్జెక్టుకు 35. హిందీకి 20 చాలు. మొత్తం 600లో 360 నుంచి ప్రథమ శ్రేణి, 300 నుంచి ద్వితీయ, 210 నుంచి తృతీయ. అత్తెసరు మార్కులతో అందరూ ఒడ్డెక్కిన బడి, సగం మంది ప్రథమ శ్రేణిలో నిలిచి పది మంది గణితంలో మాత్రం తప్పిన బడి కంటే పట్టికలో పైన ఉంటుంది. డిసెంబరు దాటాక బడుల్లో జరిగేది చూస్తే కారణం తెలుస్తుంది. వంద రోజుల ప్రణాళిక మొదలవుతుంది. వెనకబడినవారి జాబితా తయారై ఒక్కో ఉపాధ్యాయుడికి ఇంతమంది అని దత్తత ఇస్తారు. ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు, రోజూ స్లిప్ టెస్టులు. 28 దగ్గర ఉన్నవారిని 35కి లాగడం మీదే బడి బలమంతా వెచ్చిస్తుంది. ఆ పిల్లలకు అది మేలే, కాదనలేం. 70 దగ్గర ఉన్న అమ్మాయిని 90కి తీసుకెళ్లడానికి ఎవరికీ తీరిక ఉండదు, ఎందుకంటే ఆమె ఇరవై మార్కులు శాతాన్ని ఇసుమంత కూడా కదపవు.

ఆ ఇరవై మార్కులు ఆమె జీవితంలో మాత్రం చాలా కదుపుతాయి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో ప్రవేశం పదో తరగతి మార్కులతోనే. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడుల పిల్లలకు 4 శాతం వెనుకబాటు మార్కులు కలుపుతారు. ఒక బడి నుంచి అయిదేళ్లలో ఎంతమంది ట్రిపుల్ ఐటీకి వెళ్లారన్నది ఉత్తీర్ణత శాతం చెప్పని సంగతి చెబుతుంది. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతన పరీక్ష కూడా అలాంటిదే. ఎంపికైన పిల్లవాడికి ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆ జాబితాలో ఏటా పేర్లు ఉండే బడిలో సాధారణంగా ఒకరిద్దరు పట్టుదల గల లెక్కల మాస్టార్లు ఉంటారు. వారు బదిలీ అయితే జాబితా ఖాళీ అవుతుంది. ఆ కొలత బడిదా, మాస్టారిదా అంటే రెండోదే అనాలి.

బదిలీల సంగతి నగరానికి ప్రత్యేకం. కౌన్సెలింగులో ఇంటి అద్దె భత్యం ఎక్కువగా ఉండే చోట పనిచేసినవారికి పాయింట్లు తక్కువ, మారుమూల చేసినవారికి ఎక్కువ. ఏళ్ల తరబడి దూరప్రాంతాల్లో చేసి, పాయింట్లు కూడబెట్టుకున్న సీనియర్లు చివరికి నగరం కోరుకుంటారు. కాబట్టి విశాఖ నగర బడుల్లో అనుభవం ఎక్కువ, ఖాళీలు మన్యంతో పోలిస్తే తక్కువ. నగరంలోని బడి మెరుగైన ఫలితం తెస్తే, అందులో కొంతకు ఎక్కడో కొండ మీద బడి ఖాళీగా ఉంచుకున్న కుర్చీ కూడా కారణమే. ఒక హైస్కూలును మరో హైస్కూలుతో పోల్చేటప్పుడు ఆ అయిదేళ్లలో గణితం, భౌతికశాస్త్రం, ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఎన్ని నెలలు ఖాళీగా ఉన్నాయో పక్కన రాసుకోకపోతే, ఉపాధ్యాయుడు లేని బడిని ఉపాధ్యాయుడు చెప్పిన బడితో పోల్చినట్టే అవుతుంది.

ఇంత లోపభూయిష్ఠమైన అంకెనే అందరూ ఎందుకు పట్టుకు వేలాడుతున్నారు? బడివారీగా బయటికి వచ్చే మరో కొలత లేకపోవడం వల్ల. 2021 నవంబరులో జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ సర్వే పిల్లలు ఏం నేర్చుకున్నారో చూసే నమూనా సర్వేలు. అవి జిల్లా స్థితి చెబుతాయి, ఫలానా బడి గురించి చెప్పవు. అసర్ గ్రామీణ సర్వే కనుక నగరం దానిలోకి రాదు. బడిలో జరిగే అంతర్గత పరీక్షల్లో దిద్దేది ఆ బడి మాస్టార్లే. మిగిలింది పబ్లిక్ పరీక్ష. పేపరు ఒకటే, దిద్దేది బయటివారు. దాన్ని వదులుకోనక్కరలేదు, ఎలా చదవాలన్నదే ప్రశ్న.

సరైన పోలికకు కావలసింది పిల్లలు ఎక్కడ మొదలుపెట్టారన్న సమాచారం. ఆరో తరగతిలో చేరిన రోజున ఎంతమంది రెండు వాక్యాలు తడబడకుండా చదవగలిగారు, ఎంతమంది భాగహారం చేయగలిగారు. 2025లో పది రాసిన పిల్లలు ఆరులో చేరింది 2020లో, బడులు చాలాకాలం మూసి ఉన్న ఏడాదిలో. ఇంట్లో ఫోను ఉన్న పిల్లలకు ఎంతో కొంత పాఠం అందింది, లేనివారికి అదీ లేదు. అక్కణ్నుంచి మొదలైన తరగతిని 70 శాతానికి తెచ్చిన బడి, చదవడం రాయడం వచ్చిన పిల్లలతో మొదలై 85 తెచ్చిన బడి కంటే ఎక్కువ దూరం నడిచి ఉండవచ్చు. ఎంత నడిచిందో చెప్పే మొదటి అంకె మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఆ అంకె లేకపోయినా, హారాన్ని సరిచేసుకోవడానికి కావలసిన కాగితాలు ప్రతి బడి బీరువాలోనూ ఉన్నాయి. అయిదేళ్ల కిందటి ఆరో తరగతి అడ్మిషన్ రిజిస్టరు, టీసీల పుస్తకం, ఈ ఏటి నామినల్ రోల్. పాఠశాల యాజమాన్య కమిటీలో ఎక్కువ మంది సభ్యులు తల్లిదండ్రులే. ఈ మూడూ బల్ల మీద పెట్టమని అడిగే హక్కు వారికుంది. మొదటి రిజిస్టరులోని ఒక్కో పేరుకూ మిగిలిన రెండింటిలో టిక్కు పెడుతూ పోతే, ఒక చిన్న బడికి సాయంత్రంలోపు పని తేలిపోతుంది. ఎనిమిదో తరగతి దాకా టీసీ లేకపోయినా బిడ్డను చేర్చుకోవాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది కనుక, టీసీ తీసుకోని ప్రతి బిడ్డా బడి మానేసినట్టు కాదు. వేరే బడిలో చేరిందేమో ఆన్‌లైన్ విద్యార్థి గుర్తింపు సంఖ్యతో చూడవచ్చు. అలా చూశాక కూడా టిక్కు పడని పేర్లు కొన్ని మిగులుతాయి. వంద శాతం వచ్చిన బడిలో అవి ఎన్ని, ఎనభై రెండు వచ్చిన బడిలో ఎన్ని అన్నది ఏ ఫలితాల పట్టికలోనూ అచ్చు కాలేదు.